ఇరవై కేజీల పెట్టె

ఎనిమిదికి పెట్టె తూచడం, తొమ్మిదికి టిఫిను, పదింటికి కారు, సాయంత్రం నాలుగింటికి ఓడ. కాటాలు బాగుచేసే మెకానిక్కు ఏ పథకమైనా అలా గ్రాముల లెక్కన ఉండాలి. పెట్టె ఇరవై కేజీలు దాటకూడదని ఓడవాళ్లు చెప్పారు. ఆయన సరిగ్గా ఇరవైకి సర్దాడు. చివర్లో ఒక మేజోడు తీసి, ఒక రుమాలు పెట్టి, ముల్లు ఇరవై మీద నిలబడగానే తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

ఆ ఇంట్లో ఇంకొకరి లెక్క వేరే ఉంది. క్రితం వారం ఐదేళ్ల పాప నీళ్ల తొట్టెలో తన బొమ్మ పడవ మీద సబ్బుబిళ్ల పెడితే అది బుడుంగున మునిగింది. "బరువెక్కువైతే ఏ పడవైనా అంతేనమ్మా," అని నాయనమ్మ మామూలుగా అనేసి వెళ్లిపోయింది. పాప మనసులో ఆ మాట నాటుకుపోయింది. ఎందుకంటే అమ్మకు ఈత రాదు. అందుకే పెద్దవాళ్లు అటు తిరిగినప్పుడల్లా పెట్టెలోంచి ఒక్కో వస్తువూ తీసి మంచం కింద దాస్తోంది.

తొమ్మిదికి మళ్లీ తూస్తే పదహారు.

"పెట్టెకు కాళ్లు లేవుగా! తప్పు కాటాదే," అంటూ మెకానిక్ ముల్లు ఇరవై చూపేదాకా స్క్రూ తిప్పాడు. ఎలా పనిచేస్తోందో చూద్దామని భార్యను ఎక్కమన్నాడు. నిన్న అరవై ఉన్న ఆవిడ ఇవాళ డెబ్బై అయిదు.

"ఒక్కరోజులో పదిహేను కేజీలా? నాకు టిఫినొద్దు!"

"బాధపడకే. కాటా అబద్ధం చెప్పదు కదా."

తలుపు వెనక పాప గుండె గుభేలుమంది. అమ్మే ఇంత పెరిగిపోతే ఓడ గతేం కాను? తువ్వాళ్లు, చెప్పులు, నాన్న చొక్కాలు మంచం కిందికి చేరాయి. తొమ్మిదిన్నరకు పెట్టె పదిహేను. మెకానిక్ మళ్లీ స్క్రూ తిప్పాడు. ఈసారి భార్య వంద, నాయనమ్మ తొంభై. "ఈ బరువుతో ఓడెలా ఎక్కుతాం!" అని అత్తాకోడళ్లు పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ మాటతో పెట్టె దాదాపు ఖాళీ అయింది.

కారు హారన్ మోగింది. మెకానిక్ పెట్టెను ఒంటిచేత్తో లేపాడు.

"ప్రయాణమంటే ఒంటికి ఎంత బలమొస్తుందో చూశావా!"

రేవు మలుపు తిరగగానే నలుగురూ తలలు పైకెత్తారు. వీధి చివర ఉండాల్సిన ఆకాశం లేదు, అక్కడ ఓడ ఉంది. తెల్లటి గోడ పైకి, ఇంకా పైకి పోతూనే ఉంది. కిటికీలు లెక్కపెట్టబోయిన నాయనమ్మకు మెడ పట్టేసింది. సరుకుల లారీ ఒకటి, దాని వెనక ఇంకొకటి ఆ పొట్టలోకి వెళ్లిపోయాయి. ఓడ కదల్లేదు. బతుకంతా బరువులతోనే గడిపిన మెకానిక్ పిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. పాప అమ్మ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

కౌంటరు దగ్గర పెట్టె నాలుగు కేజీలు తూగింది.

"మీ కాటా పాడైందండీ," అంటూ మెకానిక్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"సార్, దయచేసి దాన్ని ముట్టుకోకండి," అన్నాడు గుమస్తా.

ఈలోగా భార్య ఆ కాటా ఎక్కేసింది. సరిగ్గా అరవై.

"ఏమండీ, ఇంత మంచి కాటాను నా జన్మలో చూడలేదు!"

పెట్టె తెరిచారు. లోపల ఒకే ఒక్క వస్తువు ఉంది, పాప ఈత ట్యూబు.

"బట్టలేవిరా తల్లీ?"

"మంచం కింద. బరువెక్కువైతే ఓడ మునిగిపోతుందిగా నాన్నా. ఆ ట్యూబు అమ్మకి."

"మరి నీకో?"

"నేను తేలికే కదా."

మెకానిక్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసి పాపను ఎత్తుకున్నాడు. ఎంత బరువుందో ఆ క్షణాన ఆయనకు తెలియలేదు. ఇంత చిన్న గుండెలో ఇంత ప్రేమ ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోయాడు.

నాన్న భుజం మీంచి పాప గుమస్తాను అడిగింది.

"అంకుల్, మా అమ్మ ఎక్కొచ్చా?"

గుమస్తా ఓడను ఒకసారి, అమ్మను ఒకసారి శ్రద్ధగా చూశాడు.

"ఎక్కొచ్చమ్మా. నాయనమ్మ కూడా."

నాలుగు రోజుల ఓడ ప్రయాణమంతా మెకానిక్ ఒకే చొక్కాతో తిరిగాడు. ఓడ మాత్రం అంగుళం కూడా కుంగలేదు.