గద్దలగుట్ట ఎక్కినోడు దిగొద్దా?

భార్యను ఒక్క మాట అడిగే ధైర్యం చాలక, హేమ్లా మూడు రోజులపాటు ఆమె సంతకం ప్రాక్టీసు చేశాడు.

హుజూర్‌నగర్ బస్టాండు నుంచి గద్దలగుట్ట తండా దాకా ఆటో నడుపుతాడతను. హ్యాండిల్ పట్టుకున్నంతసేపూ అతని మాటలకు బ్రేకు ఉండదు. ఇంటి గడప తొక్కగానే మాత్రం గేరు వెనక్కి పడుతుంది. అందుకే తండాలో అతన్ని రివర్స్ హేమ్లా అంటారు. అతని భార్య భూలికి పద్దెనిమిది మేకలు, మహిళా సంఘం లీడరు పదవి, ఆ మేకలకూ ఆ సంఘానికీ సరిపోయే గొంతూ ఉన్నాయి. ఈ మూడింటిలో తాను దేనికి ఎక్కువ భయపడతాడో అతనికే తెలియదు.

కథ ప్రశాంత్‌తో మొదలైంది. కోదాడలో లెక్చరర్ అతను. లావు టైర్ల గేరు సైకిళ్ల మీద గుట్టలూ పుట్టలూ తిరిగే పన్నెండు మంది బృందానికి నాయకుడు. గద్దలగుట్ట చుట్టూ ఉన్న మేకల బాట అతని కంట పడింది. అతనితోపాటు సూర్యాపేట నుంచి చరిత అనే అమ్మాయి వచ్చింది. తాళ్లు కట్టుకుని బండలెక్కడంలో శిక్షణ పొందిన మనిషి. గుట్టకు దక్షిణాన గోడలా నిలబడ్డ బండలను చూసి, "వీటి మీద ఇప్పటిదాకా ఎవ్వరూ ఎక్కే దారి వెయ్యలేదు" అని పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినట్టు మురిసిపోయింది. వాళ్లిద్దరినీ తిప్పింది హేమ్లా ఆటోనే; ఆ గుట్టను చిన్నప్పుడు చాలాసార్లు ఎక్కానని దారి పొడవునా కోశాడు.

గుట్ట అటవీ శాఖది. బీట్ ఆఫీసర్ నవ్య ఒక్కటే మాట చెప్పింది. "బాట తండా మేకలది. మహిళా సంఘం లీడరు ఒప్పుకొని సంతకం పెడితే కాయితం పై ఆఫీసుకు పంపుత. ఆదివారం పదకొండింటికి నేనే వచ్చి అడుగుత."

"లీడరు సంతకమేనా?" హేమ్లా ఆటో అదిరేలా నవ్వాడు. "ఆ లీడరు పొద్దుగాల లేస్తే నాకే ఛాయ్ పోస్తది. కాయితం గిటియ్యుండ్రి."

కాగితం జేబులోకి పోయినంత సులువుగా మాట నోట్లోంచి రాలేదు. నెల కిందటే గుట్ట పక్కన మొరం మట్టి తవ్వడానికి వచ్చిన ట్రాక్టరుకు భూలి అడ్డం కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె సద్ది మూట విప్పింది. డ్రైవరు ఓనరుకు ఫోన్ చేశాడు. ఆమె కొంగు పరుచుకుని పడుకుంది. చివరికి ట్రాక్టరే వెనక్కి తిరిగింది. ట్రాక్టరుకే ఆ గతి పడితే, మూడు చక్రాల ఆటోవాడెంత?

అయినా ఒక పూట అన్నం దగ్గర తెగించాడు.

"భూలీ, మన గుట్ట సుట్టు సైకిల్ తొక్కితే ఎట్లుంటదే?"

"ఎవలు తొక్కుతరు? నువ్వా?"

"ఉత్తగనే అడుగుతున్న."

"ఉత్తగ అడిగెటోనివైతే కూర ఎట్లుందో అడుగు."

"కూర మస్తుంది."

"ఇంకా నేను వడ్డియ్యనే లేదు."

హేమ్లా కంచంలోకి చూశాడు. నిజమే. ఉత్త అన్నమే కలుపుకుని తింటున్నాడు. ఇక ఆమెను అడగడం తన వల్ల కాదని, ఆ మాటను ఆ ముద్దతోనే మింగేశాడు.

మరునాటి నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా ఆటోలో కూర్చుని సంతకం నేర్చుకున్నాడు. ‘భూలి’ అంటే రెండే అక్షరాలు. కానీ ఆమె ‘భూ’ తోకను మేక తోకలా పైకి ఎగరేస్తుంది. ఆ తోక అతని చేతిలో ఒకసారి బర్రె తోకలా వాలిపోయేది, ఒకసారి తేలు కొండిలా లేచేది. మూడో రోజు మేక కుదిరింది. కాగితం మీద సంతకం పడింది. పడగానే కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. గెలిచిన సంబరానికి రెండు మిర్చి బజ్జీలు తిన్నాడు. రుచి తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే మొహం వేలాడేసుకుని భూలి దగ్గరికి వచ్చాడు.

"మీ వదినకు పానం మంచిగ లేదట. మీ అన్న కాశీరాం ఫోన్ చేసిండు. జెల్ది వేములపల్లి పో."

"మా అన్న నాకు చెయ్యక నీకెందుకు చేసిండు?"

"నీ ఫోన్ కలుస్తలేదంట."

"నా చేతిలనే ఉంది గద."

"చేతిలుంటే సాలదు, సిగ్నల్ల ఉండాలె."

భూలి అతన్ని తేరిపార చూసింది. మేకను కొనేముందు నోరు తెరిచి పళ్లు చూసే చూపు అది. తర్వాత ఏమీ అనకుండా సంచి సర్దుకుంది. అతనే ఆటోలో హుజూర్‌నగర్ తీసుకుపోయి మిర్యాలగూడ బస్సు ఎక్కించాడు. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అంతసేపు చెయ్యి ఊపడం అదే మొదటిసారి.

ఎవరికైనా అనుమానం రావాల్సింది అక్కడే.

పదింటికి గుట్ట కింద పన్నెండు సైకిళ్లు నిలబడ్డాయి. హేమ్లా సంతకం కాగితాన్ని ప్రశాంత్ చేతిలో పెట్టాడు. చరిత తాళ్ల చుట్టలు భుజాన వేసుకుని నిలువు బండ కేసి తలెత్తింది.

"అన్నా, ముందుగాల పైన తాడు కట్టాలె. ఎనక దిక్కు నుంచి పైకి తొవ్వ ఉందా?"

ఉందో లేదో హేమ్లాకు తెలియదు. మేకలెప్పుడూ భూలివే. కానీ తెలియదు అన్న మాట అతని ఆటోలో ఎన్నడూ ఎక్కలేదు.

"ఎనకంత కంప. తొవ్వ లేదు."

"మరి మీరు చిన్నప్పుడు చాలాసార్లు ఎక్కానన్నారు కదండీ?" అన్నాడు ప్రశాంత్.

"ముంగట నుంచే ఎక్కిన."

పన్నెండు మందీ ఒక్కసారి అతని పొట్టకేసి, తర్వాత బండకేసి చూశారు. ఆ చూపుల్లో గౌరవం ఉంది. ఇంట్లో ఎన్నడూ దొరకని సరుకది. హేమ్లాకు ఒళ్లు తేలికైంది.

"జర సూపిస్త, సూడుండ్రి."

"అన్నా, తాడు లేకుండ వద్దు!" అంటూ చరిత చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే అతను బండ పగిలిన నెర్రెలో కాలు పెట్టేశాడు.

మొదట్లో బండ అతనికి సహకరించింది. నెర్రె మెట్లలా ఏటవాలుగా పైకి పోయింది. కింద నుంచి "దిగన్నా" అన్న చరిత కేక అతనికి "ఎక్కన్నా" అని వినబడింది. మూడంతస్తుల ఎత్తున అరుగులాంటి గట్టు వచ్చింది. దాని వెడల్పు జానెడు. ఆ తర్వాత నెర్రె లేదు, మెట్టు లేదు, బండ నున్నగా గుండు కొట్టించుకున్నట్టుంది.

సరే, దిగుదామని కిందికి చూశాడు. అదే తప్పు. పన్నెండు సైకిళ్లూ సంతలో అమ్మే బొమ్మల్లా కనబడ్డాయి. ఎడమకాలి చెప్పు జారింది. అది నేల తాకిన చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపట్లో హేమ్లాకు తన బరువెంతో మొదటిసారి సరిగ్గా అర్థమైంది.

"యాడీ!" అని తమ ఇంటి భాషలో అమ్మను పిలిచాడు.

ఆ పిలుపుకు పక్కనున్న నల్లటి మరక కదిలింది. బారెడు దూరంలో, బండ చూరు కింద, చాటంత తేనెతుట్టె. మరక అనుకున్నదంతా ఈగలే.

"ఎవ్వరూ అరవొద్దు!" చరిత గొంతు తగ్గించేసింది. "సైకిల్ బెల్లు కూడ కొట్టొద్దు. అవి లేస్తే అన్న చేతులు వదిలేస్తడు."

"మీరు ఎక్కి దించలేరా?" ప్రశాంత్ గుసగుసగా అడిగాడు.

"కింది నుంచి పోతే భయంల నన్ను పట్టుకుంటడు. ఇద్దరం పడతం. తాడు పైనుంచే రావాలె. పైకి తొవ్వే తెల్వదు."

ఎండ ఎక్కుతోంది. హేమ్లా పిక్కలు కుట్టుమిషన్‌లా కొట్టుకుంటున్నాయి. చెమట కంట్లోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. రెండు చేతులూ బండను కౌగిలించుకుని ఉన్నాయి. భూలి వేములపల్లిలో ఉంటుంది. సాయంత్రానికి గానీ రాదు. సాయంత్రానికి తాను పైన ఉంటాడా, కింద ఉంటాడా? వదిన పానానికి వచ్చిందని చెప్పిన అబద్ధం తన పానానికే వచ్చి కూర్చుందనిపించింది.

అప్పుడే కింద సైకిళ్ల మధ్యలోంచి ఒక ఎర్రంచు చీర నడిచి వచ్చింది.

బస్సు ఊరు దాటకముందే భూలి అన్నకు ఫోన్ చేసింది. ఎత్తింది వదినే. ఆమె పిండి గిర్నీ దగ్గర క్యూలో నిలబడి నలుగురితో గొడవ పెట్టుకుంటోంది. అంత ఆరోగ్యం విన్న తర్వాత భూలి తర్వాతి స్టేజీలో దిగిపోయి, వచ్చిన ఆటో ఎక్కి తిరిగొచ్చింది.

తలెత్తి మొగుణ్ని చూసింది. కేక వెయ్యడానికి నోరు తెరిచింది. చరిత గబుక్కున తుట్టెకేసి వేలు చూపించింది. భూలి నోరు మూసుకుంది. తండాలో ఆమె నోరు అలా మధ్యలో మూసుకోవడం ఎవరూ చూడలేదు.

"తాడు వట్టుకొని నా ఎంట రా బిడ్డా," అని చరితతో మెల్లగా అంది.

ఇద్దరూ కంపలోకి మాయమయ్యారు. హేమ్లా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడొందల దాకా లెక్కపెట్టి, మధ్యలో తప్పి, మళ్లీ మొదటికి వచ్చాడు. అప్పుడు నెత్తిమీద నుంచి, ఆకాశవాణిలా, గుసగుస వినబడింది.

"ఏమయ్యా."

తల ఎత్తలేదు. ఎత్తితే పడతాడు. "భూలీ, ఎట్లెక్కినవే?"

"మేకల ఎనక. ఇరవై ఏండ్ల సంది గీ తొవ్వలనే ఎక్కుతున్న. మా వదినకు ఎట్లున్నదంట?"

"మంచిగనే ఉండొచ్చు."

"ఉండొచ్చు కాదు. గిర్నీకాడ లొల్లి వెట్టుకుంటుంది."

"భూలీ, తప్పైంది. దండం పెడత."

"పెట్టకు! చెయ్యి ఇడిస్తే పడతవ్. నోటితోని చెప్పు."

చెప్పాడు. ఫోను అబద్ధం చెప్పాడు. కాగితం సంగతి చెప్పాడు. సంతకం సంగతి కూడా చెప్పాడు. ఇరవై రెండేళ్ల సంసారంలో ఇన్ని నిజాలు ఒక్కసారిగా చెప్పడం వల్ల నోరెండిపోయింది.

"నా సంతకం నువ్వు పెట్టినవా?" గుసగుసలోనే పిడుగు పడింది.

"తోక మంచిగనే వచ్చింది."

"నువ్వు కిందికి రా, నీ తోక సూస్త." ఆమె గొంతు వణకలేదు. కానీ పైన ఎక్కడో గాజులు బండకు తగిలి సన్నగా మోగుతూనే ఉన్నాయి. ఆగడం లేదు. ఆ చప్పుడు వినేసరికి హేమ్లాకు కళ్లలో దిగినది చెమట ఒక్కటే కాదు.

సరిగ్గా అప్పుడు కింద స్కూటీ ఆగింది. బీట్ ఆఫీసర్ నవ్య ప్రశాంత్ చేతిలోని కాగితం అందుకుని గట్టిగా అంది: "ఏందీ, అందరు పైకి సూస్తున్నరు? సంతకం పెట్టిన భూలి ఎవరమ్మా?"

పన్నెండు మంది మూతుల మీద పన్నెండు వేళ్లు లేచాయి. ఆలస్యమైంది. తుట్టె జుమ్మంది. నాలుగు ఈగలు విడిపోయి గాల్లో తిరిగాయి. అందులో ఒకటి నేరుగా వచ్చి హేమ్లా పై పెదవి మీద వాలింది.

"కదలకు," పైనుంచి భూలి. "ఊదకు. నీ జన్మల ఒక్కసారన్న నోరు మూసుకోని ఉండు."

ఈగ పెదవి కొస నుంచి ముక్కు దాకా నడిచింది. ముక్కు రంధ్రం దగ్గర ఆగి ఆలోచించింది. హేమ్లా ఊపిరి బిగబట్టాడు. తండా, ఆటో, భూలి, పద్దెనిమిది మేకలు, అన్నీ కళ్లముందు తిరిగాయి. ఈగకు ఆ ఇల్లు నచ్చలేదు. ఎగిరిపోయింది.

మరుక్షణం భుజం మీద ఒక చెయ్యి పడింది. చరిత తాడు మీద వేలాడుతూ దిగి వచ్చింది. అతని నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, తన తాడుకు తగిలించుకుంది. "అన్నా, ఇప్పుడు బండను ఇడువు."

"ఇడిస్తే పడత."

"ఇడువయ్యా," అంది పైనుంచి భూలి. "తాడు నేను సూస్తున్న."

వదిలాడు. ఇద్దరూ అంగుళం అంగుళం కిందికి జారారు. నేల కాలికి తగలగానే హేమ్లా దాని మీద బోర్లా పడుకున్నాడు, మళ్లీ ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు.

అందరూ తుట్టెకు దూరంగా జరిగారు. భూలి చుట్టు తిరిగి వచ్చేసరికి ఆమె మోచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. నవ్య కాగితం చాపింది.

"ఇది నీ సంతకమేనా అమ్మా?"

కాదంటే బాట మాట అటుంచి మొగుడు పోలీసు స్టేషన్ మెట్లెక్కుతాడు. ఔనంటే మేకల బాట సైకిళ్ల పాలవుతుంది. భూలి కాగితాన్ని ఎటూ తిప్పకుండా చూసింది.

"గీ కాయితంల ఉన్నది నా మాట కాదు మేడం. నా మాట రాసుకోని ఇంకో కాయితం ఇయ్యి, మీ ముంగట్నే సంతకం పెడత. గిది సింపెయ్యి."

నవ్య హేమ్లాకేసి ఒకసారి చూసింది. కాగితం చింపేసింది. భూలి చెప్పసాగింది, ప్రశాంత్ రాయసాగాడు.

"సైకిళ్లు చెరువు కట్ట దిక్కు నుంచి పోవాలె, మేకల బాట తొక్కొద్దు. మేకలు ఈనే రెండు నెలలు గుట్టకే రావద్దు. తుట్టె ఉన్న బండ ముట్టొద్దు. తూర్పు దిక్కు బండలు అంతకన్న మంచిగుంటయ్, వాటికి తొవ్వ నేను సూపిస్త."

ప్రశాంత్ కలం ఆపాడు. "అంటే, మీరు ఒప్పుకుంటున్నారా అండీ?"

"ఎందుకొప్పుకోను? దినాం పది మంది తిరిగే గుట్టల మొరం టాక్టర్లు జొరబడవు. నేనొక్కదాన్ని ఎన్ని దినాలు అడ్డం కూసుంటా? ఎవలన్న వస్తే బాగుండు అని సంఘంల నేనే అన్న."

హేమ్లా లేచి కూర్చున్నాడు. "మరి నాకు చెప్పలేదేందే?"

"నువ్వు అడిగినవా?"

అతను కాలికి మిగిలిన ఒక్క చెప్పునూ విప్పి దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

"ఇంకొక్క మాట రాయి సారూ," అంది భూలి. "ఆదివారం ఆదివారం నేను గీళ్లకు తొవ్వ సూపియ్యబోత. గా పూట మేకలను గీయన కాస్తడు."

అది మాత్రం ప్రశాంత్ అడక్కుండానే గబగబా రాసేశాడు.

తర్వాతి ఆదివారం భూలి చీర మీదే హెల్మెట్ పెట్టుకుని, చరిత ముందు తూర్పు బండల కేసి నడిచింది. గుట్ట కింద హేమ్లా చేతిలో కట్టె, ముందు పద్దెనిమిది మేకలు. గంటన్నర గడిచేసరికి పదిహేడే కనబడ్డాయి. పద్దెనిమిదోది ఒక నిలువు బండ నడుమ, జానెడు గట్టు మీద నిలబడి తాపీగా ఆకు నములుతోంది. హేమ్లా గబగబా ఫోన్ తీశాడు.

"భూలీ! ఒక మేక బండెక్కింది. ఏం చెయ్యాలె?"

అవతల గాలి హోరు, నవ్వులు. తర్వాత భార్య గొంతు.

"ఏం చెయ్యకు. అది దిగుతది. నువ్వు మాత్రం ఎక్కకు."