మన గెలాక్సీలో గుర్తు తెలియనివి మూడు

గెలాక్సీలో గుర్తు తెలియనివి ఏవున్నా ముప్ఫై రోజుల్లో గుర్తించి తీరతామని 2006 వేసవిలో మన మంత్రిగారు ఏలూరులో ప్రకటించారు. ఒక కాలేజీ సెమినార్ అది. విలేకరిగా ముందు వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను.

అంతకుముందు ఫిజిక్స్ లెక్చరర్ రేహానాగారు మాట్లాడారు. ఆకాశంలో కొన్ని చోట్ల నుంచి అతి శక్తిమంతమైన గామా కిరణాలు వస్తున్నాయనీ, మామూలు టెలిస్కోపుతో చూస్తే అక్కడ ఏమీ కనబడటం లేదనీ చెప్పి, తెర మీద మూడు మచ్చలు చూపించారు. అవేమిటో ఎవరికీ తెలియదని ఎంతో సంతోషంగా అన్నారు. తన హయాంలో తెలియనిదంటూ ఉండటం మంత్రిగారికి నచ్చలేదు.

సాయంత్రానికి కమిటీ పడింది. ఎమ్మార్వో హనుమంతరావుగారు అధ్యక్షులు, రేహానాగారు నిపుణురాలు.

"అవి మన పరిధిలోకి వస్తాయాండీ?" అని ఆయన అడిగారు.

"మన గెలాక్సీలోనే ఉన్నాయండీ."

"మన అన్నారుగా, చాలండీ."

యజమానులు పదిహేను రోజుల్లో పత్రాలతో హాజరు కావాలని మా పత్రికలోనే నోటీసు వేయించారు. పద్నాలుగో రోజున మంత్రిగారి బావమరిది శ్రీరంగనాయకులుగారు మూడింటికీ పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకొచ్చారు. హద్దులు స్పష్టంగా ఉన్నాయి: ఉత్తరం ఆకాశం, దక్షిణం ఆకాశం, తూర్పు ఆకాశం, పడమర పోరంబోకు.

నిపుణురాలి సంతకం ఒక్కటే మిగిలింది. సంతకం పెట్టకపోతే బదిలీ తప్పదని ఆమెకు మెత్తగా చెప్పారు. భర్తకు ఏలూరులో తివాచీల కొట్టుంది, కూతురు నాజియా పదో తరగతి. రెండు రోజులు ఆమె అన్నం సరిగ్గా తినలేదని తర్వాత తెలిసింది. మూడో రోజు ఫైలు తెరిచి, 'ఇంకా గుర్తించబడలేదు' అని రాసి, దాని కింద సంతకం పెట్టారు.

"తెలిశాక తెలిసిందని రాస్తానండీ," అన్నారు.

ఆమె నిజాయితీని మంత్రిగారు తాడేపల్లిగూడెం సభలో మనసారా మెచ్చుకున్నారు. అదే వేదిక మీద బావమరిదికి శాలువా కప్పి, రేహానాగారిని ఆకివీడు బదిలీ చేశారు.

హనుమంతరావుగారిది మంచి మనసు. ఆమెను తన జీపులోనే దింపుతానన్నారు. వార్త కోసం నేనూ ఎక్కాను. కొల్లేరు అంచున రేడియేటర్‌లో నీళ్లకని ఒక చేపల చెరువు దగ్గర ఆపాం. అవతలి గట్టు కంటికి ఆనలేదు. కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి ఎమ్మార్వోగారికి దణ్ణం పెట్టి, మంత్రిగారింటికి పంపాల్సిన చేపలు ఐసులో పెట్టేశామని చెప్పాడు.

"ఈ చెరువు ఎవరిదండీ?" అని రేహానాగారు అడిగారు.

హనుమంతరావుగారు జీపెక్కి కూర్చున్నారు.

"గుర్తు తెలియలేదమ్మా. ఎంక్వైరీ నడుస్తోంది."