పక్కింట్లో ఐసు గడ్డలు

ఆ ఉదయం పట్టాభిరామయ్యకు ఉన్నది ఒకటే పని. శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో కట్టుకున్న ఇంట్లోకి ముహూర్తానికి అడుగుపెట్టడం. ఇది తప్పితే మూఢం వచ్చిపడుతుందనీ, నెలల తరబడి ఆగాల్సిందేననీ పురోహితుడు యజ్ఞనారాయణ ముందే బెదిరించాడు. అల్వాల్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను లారీకెక్కించడం కూడా అయిపోయింది.

ఆయన మామిడి తోరణం కడుతుండగా పక్కింటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. చేపల మార్కెట్‌కు ఐసు వేసే యాదగిరి, రంపపు పొట్టు అంటిన పెద్ద పెద్ద గడ్డలు లోపలికి మోస్తున్నాడు. సంసారుల ఇంట్లోకి అంతంత ఐసు ఎందుకు వెళుతుందో పట్టాభిరామయ్యకు తెలియనిదా? శవాన్ని పాడవకుండా ఉంచాల్సి వస్తేనే.

"ఎవరికోసమోయ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేమెర్క సారూ? జల్దీ తెమ్మన్నడు సుధాకర్ సారు. తలుపులన్నీ మూసుకున్నడు. మస్తు పరేషాన్‌ల ఉన్నడు."

పట్టాభిరామయ్య భార్య దగ్గరికి పరుగెత్తాడు. "కామేశ్వరీ, సుధాకర్ వాళ్ళమ్మని చూశావా?"

"దుర్గాబాయి గారా? నిన్న ఇల్లు కడగడానికి వచ్చినప్పట్నుంచీ కనబళ్ళేదండీ. మన ముహూర్తం చెడకూడదని దాస్తున్నాడేమో పాపం!"

"అంత మంచివాడైతే బోరు దగ్గర నాతో దెబ్బలాడేవాడా? సరిగ్గా పాలు పొంగే వేళకు ఏడుపు మొదలెడతాడు, చూస్తూండు!"

"పక్కింట్లో శవం లేవకుండా ప్రవేశం కుదరదండీ," అని యజ్ఞనారాయణ కలశం పట్టుకుని వీధిలో నిలబడ్డాడు. చుట్టాలు, ఆవు ఆయన వెనకే నిలబడ్డారు. కామేశ్వరి వెళ్ళి పక్కింటి కిటికీ తట్టింది.

"ఇప్పుడెవ్వలు రావొద్దమ్మా! జర ఆగుండ్రి!" లోపలినుంచి సుధాకర్ కేకేశాడు.

అంతలో ఆటో దిగింది సాక్షాత్తూ దుర్గాబాయి. అల్వాల్‌లో కూతురింటి నుంచి వస్తున్న ఆ పెద్దావిడ, ఇంటి ముందు జనాన్నీ, వాకిట్లో కారుతున్న ఐసు నీళ్ళనూ చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో, నా కొడుకా! నీకేమాయెరా!"

మరి గడ్డల మీద ఉన్నదెవరు? పట్టాభిరామయ్య ఇక ఆగలేదు. భుజంతో తలుపు నెట్టేశాడు. ఆయన వెనక పాలగిన్నెతో కామేశ్వరి, కలశంతో యజ్ఞనారాయణ, చుట్టాలు, ఆవు లోపలికి పడ్డారు.

హాల్లో శవం లేదు. ఐసు గడ్డల మధ్య ఒక యాంటెన్నా, దాని పక్కన తల పట్టుకున్న సుధాకర్ ఉన్నారు.

"అంతా ఖరాబు జేసిండ్రు! నేను యాంటెన్నాలు జేస్త సార్. దక్షిణ ధ్రువంల గీసొంటియే బెలూన్‌కు కట్టి మంచు మీద తిప్పుతరు. న్యూట్రినోలని, ఆకాశంకెల్లి వచ్చే కణాలు. దేన్నీ తాకకుంట భూమిల కెల్లి పోతయి. ఎప్పుడన్న ఒకటి మంచుల తాకితే సన్నటి రేడియో సప్పుడొస్తది. ఐసుల ఇది ఎట్ల పనిజేస్తదో సూస్తున్న. ఇయ్యాల్టి లెక్క కాలనీల కరెంటు పోయినప్పుడే, తలుపులు మూసుకొని, ఏ మోటరు, ఫోను రొదా లేకుంట కొలవొస్తది!"

"ఇంతకీ ఆ కణం దొరికిందా?" పట్టాభిరామయ్య అనుమానం ఇంకా చావలేదు.

"ఇంకెక్కడ? గీ రేడియో సప్పుడుతోని ఇంకా ఎవ్వలకు దొరకలే."

ఆవు ఐసు గడ్డ నాకుతోంది. దుర్గాబాయి కొడుకును కావలించుకుని ఏడుస్తోంది. యజ్ఞనారాయణ గడియారం చూసుకుని నెమ్మదిగా కలశం దించాడు.

"ముహూర్తం ఇప్పుడే దాటిందండీ," అన్నాడు.

పట్టాభిరామయ్య సకాలంలో, బంధుమిత్ర సమేతంగా, గోవుతో సహా గృహప్రవేశం చేశాడు. ఇల్లు మాత్రం సుధాకర్‌ది.