చీటీ తీగకి, ఫార్మాట్ పెట్టెకి

ఆ పొద్దున గుమాస్తా గారు పెట్టుకున్న పని ఒక్కటే. కొత్తగా కొన్న హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేసి, పోయిన భార్య వీడియోలన్నీ అందులోకి ఎక్కించాలి. ఆవిడ తమ్ముడికి దూరం బదిలీ అయింది. మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. "అక్క గొంతొక్కటి ఇవ్వు బావా, ఇంకేమీ అక్కర్లేదు" అని ఫోన్లో బతిమాలాడు.

వీడియోలున్న పాత డిస్కూ ఈ కొత్తదీ ఒకే రకం నల్ల పెట్టెలు. సర్వీసంతా రికార్డు గదిలో గడిపిన మనిషి కదా, చీటీ అంటించనిదే ఆయన చెయ్యి ఊరుకోదు. అయితే వస్తువుల మీద జిగురు మరకలంటే ఆవిడకి ఒళ్ళుమంట. ఆవిడ లేకపోయినా ఆ భయం మాత్రం ఇంట్లోనే ఉంది. అందుకని చీటీలు పెట్టెలకి కాకుండా వాటి తీగలకి అంటించారు. ఆ తర్వాత తీగలు ఊడదీసి, పెట్టెలు రెండూ శుభ్రంగా తుడిచి, మళ్ళీ తగిలించారు. దీని తీగ దానికీ, దాని తీగ దీనికీ!

"ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా?" అని కంప్యూటర్ అడిగింది. 'కొత్తది' అని చీటీ ఉన్నాక లోపల తెరిచి చూడడం ఆయన సర్వీసులోనే లేదు. సరేనన్నారు.

తీరా రెండో పెట్టె తెరిస్తే అదీ ఖాళీయే. "ఎంత పని చేశానే!" అంటూ కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ పోయిన రోజున కూడా ఆయనకి ఇల్లు ఇంత ఖాళీగా అనిపించలేదు.

ఇంకొకరైతే అక్కడితో చేతులు ముడుచుకునేవారు. ఈయన అలా ఊరుకోలేదు. ఖాళీ పెట్టె చూస్తే బావమరిది ఇట్టే పట్టేస్తాడని, కంప్యూటర్లో ఉన్న ఆఫీసు శిక్షణ వీడియోలన్నీ, 'కొత్తది' చీటీతో ఫార్మాట్ అయిన ఆ పెట్టెలోనే కుక్కడం మొదలుపెట్టారు. పెట్టె ముప్పాతిక నిండేసరికి బావమరిది రానే వచ్చాడు.

"అయిందా బావా?"

"ఆ... అయినట్టే. వెళ్ళాక తీరిగ్గా చూసుకో."

"ఒక్కటి చూసి వెళ్తా. అక్క మాట వినాలనుంది."

"ఇప్పుడొద్దురా, పెట్టె వేడెక్కింది."

"ఫ్యాన్ కింద పెడదాంలే."

బావమరిది తనే కూర్చుని ఒక వీడియో పెట్టాడు. తెర మీద ఓ బట్టతలాయన ప్రత్యక్షమై, ఫైలుకి దారం ఎలా కట్టాలో వివరించసాగాడు. తర్వాతిదాంట్లోనూ ఆయనే. కాకపోతే విప్పుతున్నాడు.

"అక్కేది బావా?"

గుమాస్తా గారు భోరుమన్నారు. "చెరిపేశానురా! నా చేత్తో నేనే చెరిపేశాను!"

బావమరిది కళ్ళు తుడుచుకుని, పెట్టెనీ బావనీ బండెక్కించుకుని రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు.

"ఫార్మాట్ చేసి ఊరుకుని ఉంటే అన్నీ దొరికేవి. మీదనుంచి మళ్ళీ ఇవన్నీ ఎందుకు నింపారండీ?" అంది షాపులో అమ్మాయి.

"ఖాళీగా ఉంటే బావుండదని" అన్నారు గుమాస్తా గారు నేల చూపులు చూస్తూ.

సాయంత్రానికి ఆ అమ్మాయి ఒక చిన్న వీడియో బయటికి తీసింది. "చివర్న ఇదొక్కటే మిగిలిందండీ. ఎప్పుడో మీరే తీసేసినట్టున్నారు."

నిజమే. ఆవిడ నవ్వుతూ ఉన్నవన్నీ దాచుకుని, కోప్పడ్డవి ఆయనే ఏరి పారేశారు. దాచుకున్నవాటిలో ఒక్కటీ రాలేదు. అమ్మాయి ఆ వీడియో పెట్టగానే ఆవిడ గొంతు ఖంగుమంది.

"తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? గోడకి చెప్పినా ఈపాటికి వినేది! ఆ కెమెరా అవతల పెట్టి ముందు దాన్ని ఆరెయ్యండి!"

"అక్కే బావా! అచ్చం అక్కే!" అని నవ్వబోయి ఏడ్చేశాడు బావమరిది.

గుమాస్తా గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంకోసారి పెట్టమ్మా" అన్నారు.

వాళ్ళ కాపురం మొత్తంలో, పెట్టిన చీవాట్లే మళ్ళీ పెట్టమని ఆయన నోరు తెరిచి అడగడం అదే మొదలు.