నలభై ఏడో నంబరు మచ్చ

ఆ ఉదయం ల్యాబుకు బయల్దేరినప్పుడు భూతద్దంగారు ఒకటే పని పెట్టుకున్నారు: కొత్త డాక్టరమ్మ రిపోర్టులో తప్పు పట్టాలి. ఒక్కటి చాలు.

చర్మం ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి రోగం చెప్పడంలో ముప్పై ఏళ్లుగా ఆయనకు ఎదురు లేదు. ఆ పేరు అలా వచ్చిందే. ఆరునెలల కిందట ఆవిడ చేరింది. ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతి డాక్టరూ "ఆ అమ్మాయి చూసిందా?" అనే అడుగుతున్నాడు. విన్నప్పుడల్లా ఆయనకు కడుపు రగిలిపోతోంది. అదృష్టవశాత్తూ ప్రతి రిపోర్టు మీదా రెండో సంతకం ఆయనదే. మొహమాటాలకు తావు లేకుండా స్లైడు మీద నంబరే తప్ప పేరు ఉండకూడదన్న నియమమూ ఆయనదే.

నలభై ఏడో నంబరుకు ఆవిడ "మామూలు పుట్టుమచ్చ, భయం లేదు" అని రాసింది. ఆయన గంటసేపు చూశారు. మామూలు మచ్చే. అయితే ఓ మూల నాలుగు కణాలు కాస్త గుంపుగా కనిపించాయి. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాడికి నిజంగానే ఈక దొరికినట్టయింది. "అనుమానం. చుట్టూ వెడల్పుగా మళ్లీ కోయాలి" అని ఎర్రసిరాతో రాసేశారు.

"సార్, ఇంకోసారి చూద్దామా?" అంది డాక్టరమ్మ.

"నేను చూశాక ఇంకా చూసేదేముంటుందమ్మా?"

మధ్యాహ్నం సర్జన్‌గా పనిచేసే బావమరిది ఫోన్ చేశాడు. "బావగారూ, గుండె దిటవు చేసుకోండి. కిందటివారం మీ వీపు మీద మచ్చ తీశాను కదా, రిపోర్టు బాగాలేదు. ఇవాళే అరచేయంత కోసెయ్యాలి."

అసూయలో పడి ఆయన ఆ మచ్చ సంగతే మరిచిపోయారు. "నంబరెంత?" అన్నారు నీరసంగా.

"నలభై ఏడు."

"ఆ రిపోర్టు తప్పయ్యా!"

"సంతకం మీదే కదండీ!"

అరగంటలో భార్య బట్టల సంచీతో, ఏడుస్తూ ల్యాబులోకి వచ్చిపడింది. వెనకే చక్రాలకుర్చీ తోసుకుంటూ బావమరిది.

"ఏం కాలేదే, మామూలు మచ్చే!"

"నన్ను ఊరడించడానికి అంటున్నారు! మీ కంటికి తిరుగులేదని పెళ్లైననాటి నుంచీ మీరే చెప్తున్నారుగా! మిమ్మల్ని మించినవాళ్లు ఇంకెవరున్నారు?"

ల్యాబంతా పని ఆపి చూస్తోంది. ఆయన చక్రాలకుర్చీని చూశారు. డాక్టరమ్మను చూశారు.

"ఉన్నారు," అన్నారు. "ఆవిడకి నాకంటే బాగా తెలుసు."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి బావగారూ. లేకపోతే కొయ్యక తప్పదు."

రాసిచ్చారు. డాక్టరమ్మ ఆ కాగితం అందుకుని, "రెండో సంతకం ఉండాలి కదా సార్," అంటూ కింద తన సంతకం పెట్టింది.

మర్నాటి నుంచి స్లైడు మీద నంబరుతో పాటు పేరు కూడా ఉండి తీరాలని భూతద్దంగారు కొత్త నియమం పెట్టారు.