పదకొండు టేకుల వాన

వాన ఈ దేశంలో రెండు చోట్ల పడుతుంది: నేల మీద, రిజిస్టరులో. నేల మీద పడింది సాయంత్రానికల్లా ఇంకిపోతుంది. రిజిస్టరులో పడినదాన్ని ఇంకించుకోగల మట్టి మాత్రం ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. (వెతకడానికి వేసిన కమిటీ గడువు మూడోసారి పొడిగించారు.) ఈ సంగతి తెలియక సినిమా తీయబోయిన మనిషి పేరు మార్కండేయ.

మార్కండేయ పన్నెండేళ్ళు అనంతపురంలో పెళ్ళి వీడియోలు తీశాడు. అప్పగింతల్లో ఎవరు నిజంగా ఏడుస్తున్నారో, ఎవరు కెమెరా కోసం ఏడుస్తున్నారో వీధి చివర నుంచే చెప్పగలడు. ఆ అనుభవాన్నీ ఒక డిజిటల్ కెమెరానూ నమ్ముకుని, బెళుగుప్ప దాటాక వచ్చే సొంత ఊరు గుండ్లవంకలో, కరువు మీద రెండు గంటల సినిమా మొదలుపెట్టాడు. నిర్మాత లేడు, హీరో లేడు. తండ్రి ఆదెన్నది తండ్రి వేషం, మేనత్త అంజనమ్మది తల్లి వేషం, ఆదెన్న ఎద్దులు మైలోడూ పుల్లోడూ ఎద్దుల వేషం. మొత్తం సినిమాలో రెండో టేకు అవసరం లేకుండా నటించింది ఆ ఇద్దరే.

ఆఖరి సీనులో వాన పడాలి. మూడు నెలలు ఆకాశం వైపు కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆదెన్నకే విసుగు పుట్టింది.

"యాడి వానరా? ట్యాంకరు తెప్పించుకో పో. ఎద్దులు ఎండలో నిలబడలేకుండా ఉండాయి."

ట్యాంకరు వానకు అనుమతి కావాలి. మండల వర్ష నిర్ధారణాధికారి నారాయణప్ప కళ్ళద్దాలు పెట్టుకుని నిబంధనలు చదివి వినిపించాడు. కరువు జాబితాలో ఉన్న ఊళ్ళో నడివీధిన నీళ్ళు పారబోస్తే జనం బిందెలతో పరిగెత్తుకొస్తారు, శాంతిభద్రతలు చెడతాయి. కాబట్టి వాన కార్యాలయ ఆవరణలోనే, అధికారి సమక్షంలో, పనివేళల్లో కురవాలి. భోజన విరామంలో కురవరాదు.

ఆవరణ మధ్యలో ఒక సిమెంటు గట్టు, గట్టు మీద ఒక రేకు డబ్బా ఉన్నాయి. అదేమిటో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. "తులసికోటకు సరిగ్గా సరిపోతాదిరా" అని అంజనమ్మ గట్టుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, చుట్టూ ముగ్గేసి, డబ్బా పక్కన ఒక తులసి కుండీ పెట్టింది. అది వానను కొలిచే డబ్బా అని చెప్పాల్సిన అటెండరు ఖాజా పీర్ ఆ రోజు ఉరుసుకు పోయాడు. (ఉన్నా లాభం లేదు. రెండేళ్ళుగా అతను కుర్చీలోంచి లేవకుండానే సున్నా రాస్తున్నాడు. ఒక్కరోజు కూడా తప్పు పోలేదు.)

రీలు కాలమైతే రెండు టేకులతో సరిపెట్టుకునేవాడు. డిజిటల్ గనక, కార్డులో చోటుంది గనక, మార్కండేయ పదకొండు టేకులు తీశాడు. పదకొండోసారి అంజనమ్మ నిజంగానే ఏడ్చింది. ఆదెన్న చొక్కా విప్పేసి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఎద్దులు మోరలెత్తి ఒకదాని మెడ మీది నీళ్ళు ఇంకొకటి నాకాయి. మార్కండేయ కట్ చెప్పడం మరిచిపోయాడు. తన జన్మలో అంత సంతోషం అతను ఎరగడు.

మర్నాడు పొద్దున్నే ఖాజా పీర్ గట్టు మీద పసుపు చూసి ఆశ్చర్యపోయి దగ్గరికెళ్ళాడు. డబ్బాలో నీళ్ళు! పాపం, కళ్ళు తుడుచుకుని మరీ కొలిచాడు. అరవై ఏడు మిల్లీమీటర్లు. రాశాడు, పైకి పంపాడు. మధ్యాహ్నానికి గుండ్లవంక కరువు జాబితాలోంచి ఎగిరిపోయింది. ఊరి పశువులకని వస్తున్న మేత లారీ రాప్తాడు దగ్గరే వెనక్కి మళ్ళింది.

ఆదెన్న ఎద్దులను కట్టే గాడిపాడులో ఇంకో పది రోజులకు మించి మేత లేదు. మార్కండేయ ఆఫీసుకు పరుగెత్తాడు.

"పీరన్నా, అది ట్యాంకరు నీళ్ళన్నా!"

"నాకేం తెలుసన్నా? ఎంత పడిందో రాయమంటారు, రాసినాను. యాన్నుంచి పడిందో రాసేదానికి రిజిస్టరులో గడి లేదు."

నారాయణప్ప దగ్గరికి పోయాడు. "సార్, మీరూ ఆడే ఉండారు కదా! మీ చొక్కా కూడా తడిసింది కదా!"

"తడిసిందప్పా, కాదనలేదు. అయితే అది నా సొంత చొక్కా. నేను చూసింది కూడా సొంతంగా చూసినట్టే. ఆఫీసుగా చూడాలంటే సాక్ష్యం పెట్టుకో."

సాక్ష్యం కెమెరాలోనే ఉంది. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని పదకొండో టేకు చూసింది. రెండుసార్లు చూసింది. ఒక సభ్యుడు ముక్కు చీదుకున్నాడు. "ట్యాంకరు నీళ్ళకు ఏ ఆడమనిషీ ఇంత ఏడుపు ఏడవదు, ఏ ఎద్దూ ఇంత మోర ఎత్తదు" అని నమోదు చేసి, సహజ వర్షంగా ధ్రువీకరించి సంతకాలు చేశారు. మార్కండేయ పనితనానికి అంత పెద్ద మెప్పు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. అతనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పీలు పెట్టాడు. అప్పీలు పెట్టాడు కాబట్టి డబ్బా వివాదంలో ఉన్నట్టు. వివాదంలో ఉంది కాబట్టి దానికి సీలు వేశారు. సీలు వేసిన డబ్బాకు చివరి కొలతనే రోజూ వేయాలని నిబంధన. గుండ్లవంకలో ప్రతిరోజూ అరవై ఏడు మిల్లీమీటర్లు కురవసాగింది. పంతొమ్మిదో రోజుకు పన్నెండు వందల డెబ్భై మూడయింది. ఆ సాయంత్రం లారీ మీద ఒక రబ్బరు బోటు, నారింజ కోట్లు తొడుక్కున్న ఇద్దరు ఈతగాళ్ళు దిగారు. బోటు నీళ్ళ మీద ఉంటే తప్ప వాళ్ళకు హాజరు పడదట. నీళ్ళు లేవు గనక దాన్ని ఎండిన వంకలో ఇసుక మీద పెట్టి, అందులో కూర్చుని హాజరు వేసుకున్నారు. దాహమేస్తే అంజనమ్మ ఇంటి నుంచి చెంబు పోయేది. పశువులను వెంటనే ఎత్తయిన చోటికి తరలించాలని ఊళ్ళో దండోరా కూడా వేశారు.

పది రోజుల మేతను సగం సగం వేసి నెట్టుకొచ్చిన ఆదెన్న ఇరవయ్యో రోజున తరలించాడు, అనంతపురం సంతకు. తిరిగొచ్చి రెండు పగ్గాలూ చుట్టి గూట్లో పెట్టాడు.

"నాయనా..." అన్నాడు మార్కండేయ.

"ఏం మాట్లాడొద్దురా. దుడ్లెంత వచ్చినాయనీ అడగొద్దు. కసాయోనికి మాత్రం ఇయ్యలే, సేద్యం చేసేవానికే ఇచ్చినా." అరుగు మీద కూర్చుంటూ అన్నాడు, "వాళ్ళుండేది యాడుండాది ఆ కెమెరాలో? చూపీ."

తండ్రీకొడుకులు పదకొండో టేకు చూశారు. మార్కండేయ ఏడ్చాడు. ఆదెన్న ఏడవలేదు. కెమెరా చిన్న అద్దం మీద ఎద్దుల నడుములు వేలితో నిమిరాడు.

ఇరవై మూడో రోజున చిత్రోత్సవం నుంచి ఉత్తరం వచ్చింది. ఆఖరి సీను తీసిన రాత్రే మార్కండేయ ఆశతో సినిమా పంపి ఉన్నాడు. నిపుణుల సంఘం విచారం వ్యక్తం చేసింది: వాన ఏమాత్రం నమ్మేలా లేదు, ట్యాంకరు నీళ్ళని చూడగానే తెలిసిపోతోంది, కాబట్టి సినిమాను తిరస్కరించడమైనది.

మార్కండేయ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, లేచి, బనీను మీదే నారాయణప్ప దగ్గరికి పరుగెత్తాడు. సినిమా తిరస్కరించారని సంతోషించిన దర్శకుడు అతనొక్కడే అయి ఉంటాడు. అంజనమ్మ దారిలో ఎదురైనవాళ్ళందరికీ బెల్లం పెట్టింది.

"ఇదప్పా సాక్ష్యమంటే!" అన్నాడు నారాయణప్ప. "నిపుణులు, ముద్ర, తేదీ, అన్నీ ఉండాయి. దీన్నే మొదటే తెచ్చింటే పోయేది కదా."

ముప్ఫయ్యో రోజున ఉత్తర్వు వచ్చింది. రెండు వేల పది మిల్లీమీటర్ల వాన కొట్టివేయబడింది. బోటు వెళ్ళిపోయింది. గుండ్లవంక కరువు జాబితాలోకి గౌరవంగా తిరిగొచ్చింది.

మేత లారీ ఆదెన్న ఇంటి ముందు ఆగింది. ఖాజా పీర్ రిజిస్టరు తెరిచాడు, ఖాళీ గాడిపాడు వైపు చూశాడు, తల దించుకున్నాడు. "ఆదెన్నా, నీ పేరు మీద రెండు ఎద్దులుండాయి. అమ్మినట్టు రాసేదానికి ఇందులో గడి లేదన్నా."

ఆదెన్న వేలిముద్ర వేశాడు. మైలోడూ పుల్లోడూ ఆ వారం మేత తిన్నట్టు నమోదైంది.