పురుగు కొట్టిన ఆకులు

శనివారం పొద్దున మెన్నో యాన్సెన్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. లోపమంతా మెన్నోలోనే ఉంది కాబట్టి అది పథకంలో కనపడలేదు. పిల్లలతో కలిసి ఓక్ ఆకుల్లాంటి బిస్కెట్లు చేయడం, వాటికి రంగు చక్కెర పూయడం, మధ్యాహ్నం కూతురు ఫెన్నా చెయ్యి పట్టుకుని బడిలో జరిగే ఆకురాలు పండగకు దర్జాగా వెళ్లడం. ఇంతే.

నిరుడు ఇదే పండగకు అతను కొట్లో బిస్కెట్లు కొని, ఇంట్లో ఉన్న పాత డబ్బాలో పోసి, ఇవి ఇంట్లో చేసినవేనని కోతలు కోశాడు. ఒక బిస్కెట్టుకు కొట్టు పేరున్న కాగితం అంటుకుని వచ్చింది. కొత్తగా చదవడం నేర్చిన ఒక పిల్లాడు దాన్ని కూడబలుక్కుంటూ అందరి ముందూ పైకి చదివాడు. ఇంటికొచ్చే దారిలో ఫెన్నా ఏడవలేదు. "నీకు చేయడం రాదని ముందే చెప్పొచ్చుగా నాన్నా" అంది, అంతే. నాలుగేళ్ల పిల్ల అంత మెల్లగా అన్న ఆ మాట మెన్నోను ఏడాది పొడుగునా గుచ్చింది. ఈసారి మా నాన్నే చేస్తాడని ఫెన్నా బడంతా చాటేసింది.

పోయిన పరువంతా ఒక్క రోజులో తెచ్చుకోవాలన్న ఆత్రంలో మెన్నో బడి కిటికీలకు వేలాడదీసే ఆకులు కూడా తనే చేసిస్తానని ఒప్పుకున్నాడు. అవి తినేవి కావు. ఉప్పు, మైదా, నీళ్లు కలిపి చేసే బొమ్మలు.

"రెండు పిండ్లూ ఒకే రోజు పెట్టుకోకు" అంది భార్య వీబ్కె, చెల్లెలింటికి బయల్దేరుతూ.

"భూములు కొలిచేవాణ్ణి. రెండు గిన్నెల మధ్య హద్దు గీయలేనా?"

"గిన్నెల మధ్య గీస్తావు. పిల్లల మధ్య ఎలా గీస్తావు?"

మెన్నో నవ్వేశాడు. పైగా పక్కింటి కవలలు టామ్మో, లెవ్కెలను కూడా పిలిచాడు. తనే చేశాడనడానికి ఇద్దరు సాక్షులుంటే మంచిదనుకున్నాడు.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. గిన్నెలకు చీటీలు అంటించాడు. పిల్లలు పిండి ఒత్తారు, అచ్చులతో ఆకులు కోశారు. ఉప్పు ఆకులకు దారం కోసం చిల్లులు పెట్టాలన్న సంగతి మాత్రం మెన్నోకు గుర్తు రాలేదు. ఆకులన్నీ ఓవెన్‌లో కాలి చల్లారాక, అంతా అద్భుతంగా ఉందని వీబ్కెకు ఫోన్‌లో గొప్పలు చెప్పుకోవడానికి వరండాలోకి వెళ్లాడు. గొప్పలు కొంచెం పొడుగయ్యాయి. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఆకులన్నీ ఎరుపు, పసుపు, నారింజ రంగు చక్కెరలో మునిగి మెరిసిపోతున్నాయి.

"వేలాడదీసేవి ఏవమ్మా?" అన్నాడు మెన్నో.

"అన్నీ బాగున్నాయిగా నాన్నా, అన్నీ వేలాడదియ్యి" అంది ఫెన్నా.

"అది కాదు. ఉప్పు గిన్నె పిండితో చేసినవి ఏవి?"

"ఆ గిన్నెలో పిండి అయిపోతే ఈ గిన్నెలోది తీసుకున్నాం అంకుల్" అన్నాడు టామ్మో. "చీటీల మీద నేను ముళ్లపంది బొమ్మేశా, చూస్తారా?"

మెన్నో చీటీలు చూశాడు, అన్నీ ముళ్లపందులే. పిల్లల్ని పెరట్లోకి తోలి, వంటింటి త్రాసు తీశాడు. ఉప్పు పిండి బరువెక్కువ కాబట్టి తూచి తేల్చేద్దామనుకున్నాడు. కానీ లెవ్కె ఒక్కో ఆకు మీద గోడకు సున్నం కొట్టినట్టు చక్కెర పూసింది. త్రాసు చేతులెత్తేసింది. ఇక మిగిలింది నోరే. ఒక ఆకు అంచు కొరికాడు. ఉప్పు. ఇంకోటి కొరికాడు. తీపి. అలా ఒక్కో ఆకునూ కొరుకుతూ తీపివి డబ్బాలో, ఉప్పువి చెప్పుల అట్టపెట్టెలో వేశాడు. చివరికొచ్చేసరికి నాలుక తోలుముక్క అయిపోయింది. ఇంత చదువు చదివి, చివరికి మేకలా ఆకులు మేస్తున్నానే అని తన మీద తనకే జాలి వేసింది.

ఫెన్నా వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. ముఖం వాడిపోయింది. "అన్నీ విరిగిపోయాయి నాన్నా."

"విరగలేదమ్మా. పురుగు కొట్టింది. ఈ కాలంలో ఏ ఆకు చూసినా ఇలాగే ఉంటుంది కదా. నిజమైన ఆకుల్లా ఉండాలని అలా చేశా."

ఫెన్నా ఆలోచించి తల ఊపింది. మెన్నో ఊపిరి పీల్చుకుని స్నానానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే వాళ్లను కారులో తీసుకెళ్లడానికి అత్తగారు తాల్కె వచ్చింది.

కారు సగం దూరం వెళ్లాక ఆవిడ అంది, "ఎంత అల్లుడివైనా చెప్పక తప్పదు బాబూ. చెప్పుల పెట్టెలో ఎవరైనా తిండి పెడతారా? అన్నీ కలిపి నా పెద్ద పళ్లెంలో అందంగా సర్దాను."

మెన్నో ఏదో అనబోయాడు. ఉప్పుకు ఎండిపోయిన గొంతులోంచి మాట రాలేదు.

"థాంక్స్ ఏం అక్కర్లేదులే" అంది తాల్కె.

బడిలో పళ్లెం చుట్టూ జనం మూగారు. పురుగు కొట్టిన ఆకులని ఫెన్నా వివరిస్తుంటే, ఎంత కళ, ఎంత సహజం అని తల్లులు మురిసిపోయారు. నిజం చెబితే నిరుటి కథే మళ్లీ అవుతుందని మెన్నో పళ్లెం పక్కనే నిలబడి ఒక్కో ముఖాన్నీ భయంభయంగా చదువుతున్నాడు. హాయెన్ టీచరమ్మ ఒక ఆకు కొరికింది. నమలడం ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మర్యాదస్తురాలు, మింగేసింది.

"ఇది కొంచెం... ఉప్పగా, సాహసంగా ఉంది" అంది.

"తీపిలో ఉప్పు ఇప్పుడు ఫ్యాషనండీ" అంది పక్కావిడ. ఆవిడకు తీపి ఆకు దొరికింది. దాంతో ఉప్పు దొరికినవాళ్లు కూడా, తమకే రుచి తెలియదేమోనని నోరు మూసుకుని తినసాగారు. టీ కెటిల్‌లు చకచకా ఖాళీ అయ్యాయి. గండం గడిచిందనుకున్నాడు మెన్నో. అప్పుడే ఊళ్లో పళ్ల డాక్టరు ఒన్నో ఒక ఆకును కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మెన్నో, ఇది పురుగు కాదయ్యా" అన్నాడు, వృత్తి మీద ప్రేమతో. "పై వరసలో ఎడమవైపు పన్ను కాస్త వంకర. ఈ పన్ను నాకు తెలుసు. పోయిన వేసవిలో నేనే బాగుచేశా."

గదిలో నమలడం ఒక్కసారిగా ఆగిపోయింది. అందరూ చేతిలో మిగిలిన ముక్కను చూశారు, తర్వాత మెన్నో నోటిని చూశారు. టీచరమ్మ తన ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. మెన్నోకు నేల బద్దలై మింగేస్తే బాగుండుననిపించింది. ఫెన్నా వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఫెన్నా మాత్రం కుర్చీ ఎక్కి నిలబడింది. డాక్టరు చేతిలోని ఆకును, తండ్రి నోటిని మార్చి మార్చి చూసింది. ముఖం వెలిగిపోయింది.

"చూశారా," అంది అందరికీ వినపడేలా. "కొట్లో కొన్నవి కావు. ఒక్కొక్కటీ మా నాన్నే కొరికాడు."

ముందుగా తాల్కె నవ్వింది. తర్వాత ఒన్నో, తర్వాత కళ్లు తుడుచుకుంటూ టీచరమ్మ. కుర్చీ దిగిన ఫెన్నా వచ్చి తండ్రి వేలు పట్టుకుంది, పండగ అయ్యేదాకా వదల్లేదు. పరువు మళ్లీ పోయిందని మెన్నోకు తెలుసు. అయినా ఇంత సంతోషం ఏడాదిగా ఎరగడు.

వచ్చే ఏడాది పండగకు కాగితపు రుమాళ్లు తెచ్చే బాధ్యతను బడి కమిటీ వారు ఆ సాయంత్రమే ఏకగ్రీవంగా మెన్నోకు అప్పగించారు.